చవకది వేరు, నకిలీది వేరు

ప్రశ్న: నేను హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. మూడు నెలల కిందట మా చెల్లెలు ఆన్‌లైన్లో పేరున్న కంపెనీ ఫేస్ క్రీమ్ కొంది. డబ్బా, మూత, లేబుల్ అన్నీ అచ్చం అసలు దానిలాగే ఉన్నాయి. వారం తిరక్కుండానే బుగ్గలు ఎర్రగా కందిపోయి, పొట్టు లేచింది. కంపెనీకి రాస్తే డబ్బా మీదున్న బ్యాచ్ నంబరు తమది కాదన్నారు. ఇంకెవరికీ ఇలా జరగకూడదని మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో 40 నిమిషాలు స్లయిడ్లు వేసి మాట్లాడాను. సగం మంది మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. చివర్లో ఒక పెద్దాయన "ఇదంతా పెద్ద కంపెనీలకి ప్రచారం కాదామ్మా? అసలువి కొనే స్తోమత మీకుంది, అందరికీ ఉంటుందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇక మా మరిది అయితే బజార్లో కంపెనీ పేరుతో అమ్మే నకిలీ ఛార్జర్లు కొని తెచ్చి ఇంటిల్లిపాదికీ పంచుతుంటాడు. "ఇన్నాళ్లు వాడాం, ఏమైంది వదినా?" అంటాడు. జనానికి ఎక్కేలా ఈ విషయం ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ చెల్లెలి సంగతి. ఆ క్రీమ్ మానేసిందనే అనుకుంటున్నాను. డబ్బా మాత్రం పారేయకండి. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. నకిలీ క్రీమ్‌లో ఏం కలిసిందో లేబుల్ చదివితే తెలియదు, ఆ లేబులే అబద్ధం కాబట్టి. అది రంగు తేలుస్తానని చెప్పే రకం క్రీమ్ అయితే, అలాంటివాటిలో పాదరసం కలుపుతుంటారు కాబట్టి ఆ సంగతి డాక్టరుతో ప్రత్యేకంగా ప్రస్తావించండి. పాదరసం చర్మం దగ్గర ఆగదు, కిడ్నీల దాకా వెళ్తుంది. వాడినవాళ్ల తువ్వాళ్ల మీదుగా, దిండు గలీబుల మీదుగా ఇంట్లో పసిపిల్లల ఒంట్లోకి చేరిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఒంట్లో అది ఉందో లేదో మూత్ర పరీక్షలో తెలుస్తుంది. పది లక్షల్లో ఒక వంతుకు మించి పాదరసం ఉన్న సౌందర్య సాధనాల తయారీ 2020 కల్లా ఆగిపోవాలని, పాదరసం వాడకాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందంలో చేరిన దేశాలు రాసుకున్నాయి. రాసుకున్నా అలాంటి క్రీములు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

ఇక మీ మీటింగ్. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ పెద్దాయన ప్రశ్న. మీరు దాన్ని ఎదురుదెబ్బ అనుకున్నట్టున్నారు. నాకైతే ఆ గదిలో మిమ్మల్ని చివరిదాకా విన్న మనిషి ఆయనే అనిపించింది.

మీ స్లయిడ్లు నేను చూడలేదు కానీ, ఇలాంటి కార్యక్రమాలు కొన్ని చూశాను. మొదటి స్లయిడ్‌లో ప్రపంచ వ్యాపారంలో నకిలీల వాటా ఉంటుంది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ, ఐరోపా మేధో సంపత్తి కార్యాలయం కలిసి వేసిన లెక్కలో 2019కి అది 2.5 శాతం, అంటే 46,400 కోట్ల డాలర్లు. రెండో దాంట్లో కంపెనీల నష్టం, మూడో దాంట్లో ప్రభుత్వాలకు రాకుండా పోయిన పన్ను. ఆ లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ ఎక్కడో ఎవరి లాభమో తగ్గిందంటే వినేవాడికి చీమ కుట్టినట్టైనా ఉండదు. పైగా అక్కడ కూర్చున్న చాలామంది ఇళ్లల్లో ఒకటో రెండో నకిలీలు ఉండే ఉంటాయి. తమనే దొంగల్లా చూస్తున్నారని అనిపించాక ఎవరు కూర్చుంటారు చెప్పండి?

పెద్దాయన అనుమానం గాల్లోంచి పుట్టింది కూడా కాదు. 2008 డిసెంబరులో భారతదేశం నుంచి బ్రెజిల్‌కి వెళ్తున్న లోసార్టాన్ అనే బీపీ మందు సరుకును నెదర్లాండ్స్ కస్టమ్స్ వాళ్లు దారిలో ఆపేశారు. అది దొంగ మందు కాదు, మామూలు జెనెరిక్. బయల్దేరిన దేశంలోనూ, చేరాల్సిన దేశంలోనూ దానికి పేటెంటు అడ్డం లేదు. దారిలో ఉన్న నెదర్లాండ్స్‌లోని పేటెంటు పేరుతోనే ఆపారు. పేటెంటు తగాదానీ, ప్రాణాలు తీసే నకిలీనీ ఒకే సంచిలో వేస్తే ఇలాగే జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల విషయంలో 'కౌంటర్‌ఫీట్' (నకిలీ) అన్న మాటనే పక్కన పెట్టింది. నాసిరకం మందులు, మోసపు మందులు, రిజిస్టర్ కాని మందులు అని మూడుగా విడదీసి మాట్లాడటం మొదలుపెట్టింది. కంపెనీ పేరు మీద హక్కు ఎవరిదన్నది కోర్టు విషయం, మాత్రలో మందు ఉందా లేదా అన్నది ప్రాణం విషయం కదా.

ఈ తేడా మీరు కూడా పట్టుకోవాలి. ఎందుకంటే భయపెట్టడం తేలికే, ఆ భయం ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. 'చవక మందంటే నకిలీ మందే' అని ఒక్కరి బుర్రలో పడినా చాలు, వాళ్లు రోజూ వేసుకునే బీపీ మాత్ర మానేసి కూర్చుంటారు. అప్పుడు నకిలీ మందు చేసే హాని మన అవగాహన సదస్సే చేసినట్టవుతుంది.

అందుకే పెద్దాయనకు నా జవాబు ఇలా ఉంటుంది: "మీరన్నది నిజమేనండీ. ఖరీదైనది కొనమని నేను చెప్పను. చవకగా ఉన్నదే కొనండి. కాకపోతే తన పేరుతో అమ్ముకునే చవక వస్తువు కొనండి, ఇంకొకరి పేరు తగిలించుకున్నది వద్దు." పేరు లేని చిన్న కంపెనీవాడు డబ్బా మీద తన పేరు, ఊరు వేసుకుని అమ్ముతాడు. తేడా వస్తే వాడి కాలర్ పట్టుకోవచ్చు. నకిలీవాడు చేసే మొట్టమొదటి పని తన పేరు దాచేసుకోవడం. పేరే దాచుకున్నవాడు లోపల ఖర్చుపెట్టి నాణ్యమైన సామాను ఎందుకు వేస్తాడు? వాడి పెట్టుబడి అంతా బయటి డబ్బా మీదే. ఈ ముక్క అర్థమైతే స్తోమత గొడవ సగం పోతుంది.

మీ మరిది గురించి రాసింది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నేనూ అదే బాపతు. చాలా ఏళ్లు అలాంటి ఛార్జరే నా మంచం పక్కన ఉండేది. సన్నగా గీ పెట్టేది, ముట్టుకుంటే వేడిగా ఉండేది. ఛార్జర్ అన్నాక వేడెక్కదా అనుకునేవాణ్ణి. ఒక రాత్రి ప్లాస్టిక్ కాలిన వాసనకి మెలకువ వచ్చింది. పొద్దున్నే మా బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన జీవితమంతా మిక్సీలు, రేడియోలు బాగుచేసిన మనిషి. నన్ను ఒక్క మాట అనలేదు. అలమరలోంచి పాడైపోయిన అసలు ఛార్జర్ ఒకటి తీసి, రెండూ నా రెండు చేతుల్లో పెట్టి "ఏది బరువుందో చూడు" అన్నాడు. నాది అటుకుల పొట్లంలా తేలిపోయింది. తర్వాత రెండూ విప్పాడు.

అసలు దాంట్లో గోడలోంచి వచ్చే కరెంటు ఒక వైపు, ఫోన్లోకి వెళ్లే కరెంటు ఇంకో వైపు. మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ స్థలం, బోర్డును కోసి మరీ వదిలిన గాడి, చుట్ట చుట్టిన తీగ మీద పసుపు పచ్చ టేపు పొరలు. నా దాంట్లో టేపు ఒక్క చుట్టే ఉంది, అదీ ఊడిపోయింది. ఆ రెండు వైపుల సోల్డరు చుక్కలు వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. మధ్యలో నల్లగా మసి. "ఈ చుక్క ఆ చుక్కని ముట్టుకుంటే గోడలో కరెంటు నేరుగా నీ ఫోన్లోకొస్తుంది. ఫోన్ చెవి దగ్గరుంటే నీలోకొస్తుంది" అన్నాడు బాబాయ్. అంతే, ఇంకేం చెప్పలేదు. ఆ తర్వాత నేను అలాంటిది కొనలేదు.

వస్తువుల భద్రతను పరీక్షించే యూఎల్ అనే సంస్థ 2016లో ఇదే పని పెద్ద ఎత్తున చేసింది. ఆపిల్ కంపెనీవని అమ్ముతున్న 400 నకిలీ అడాప్టర్లు తెచ్చి పరీక్ష పెడితే నెగ్గినవి మూడే. 12 అయితే మనిషి ప్రాణం తీసే షాక్ కొట్టేంత అధ్వానంగా ఉన్నాయి. మీ మరిది "ఇన్నాళ్లు ఏమైంది" అంటే అబద్ధం చెప్పడం లేదు. ఆ 400లోనూ చాలావరకు ఫోన్ ఛార్జ్ చేసేవే. ఛార్జర్ పని చేయడం వేరు, తేడా జరిగిన రోజున మనిషిని కాపాడటం వేరు. ఆ రెండో పనికయ్యే ఖర్చునే నకిలీవాడు మిగుల్చుకుంటాడు. హెల్మెట్, బ్రేకులు, కారులో ఎయిర్‌బ్యాగ్ అన్నిటిదీ ఇదే కథ. ఎయిర్‌బ్యాగ్ పని చేస్తోందో లేదో రోజూ చూసుకోలేం. 2012లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ నకిలీ ఎయిర్‌బ్యాగులు పరీక్షిస్తే కొన్ని తెరుచుకోనేలేదు, కొన్ని లోహపు ముక్కలు విసిరాయి.

విమానాల్లో కూడా ఇది జరిగింది. 1989 సెప్టెంబరు 8న పార్ట్‌నేర్ సంస్థ విమానం ఓస్లో నుంచి హాంబర్గ్ వెళ్తూ డెన్మార్క్ ఒడ్డు దగ్గర సముద్రంలో కూలింది. అందులో ఉన్న 55 మందీ చనిపోయారు. తోకను పట్టి ఉంచే బోల్టుల్లో కొన్ని నకిలీవని, ఉండాల్సిన గట్టిదనం వాటికి లేదని దర్యాప్తులో తేలింది. ఆ 55 మందిలో ఎవరూ చవకగా వస్తుందని నకిలీ బోల్టు కొన్నవాళ్లు కారు.

ఇది ఎందుకు చెప్పానంటే, మీ సభలో రెండు రకాల మనుషులుంటారు. తెలిసి కొనేవాళ్లు మీ మరిదిలాంటివాళ్లు. తెలియక మోసపోయినవాళ్లు మీ చెల్లెలిలాంటివాళ్లు. ఇద్దరికీ ఒకే ఉపన్యాసం ఇస్తే రెండోవాళ్లు సిగ్గుతో నోరు విప్పరు. అది పెద్ద నష్టం, ఎందుకంటే నకిలీ ఎక్కడ దొరుకుతోందో వాళ్లు చెప్తేనే బయటపడేది. "చూసుకుని కొనద్దూ?" అనడం మన నోటికి అలవాటైపోయింది. చూసుకున్నా తెలియదనే సంగతి వాళ్లకి మీరే చెప్పాలి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక దీనికి బాగా పనికొస్తుంది. వాళ్ల పరిశోధకులు పేరున్న షాపింగ్ సైట్లలో బయటి అమ్మకందార్ల దగ్గర 47 వస్తువులు కొన్నారు. అమ్మకందార్లందరికీ మంచి రేటింగులే ఉన్నాయి. అయినా 20 నకిలీవి వచ్చాయి. ఒకే కంపెనీ పేరుతో కొన్న 15 జతల బూట్లూ అసలువే. అలంకరణ సామగ్రి మాత్రం 13 కొంటే 13కి 13 నకిలీ. మీ చెల్లెలికి ఈ ఒక్క లెక్క చదివి వినిపించండి. తన తెలివితక్కువ వల్ల ఇలా అయిందని బాధపడుతూ ఉంటే కాస్త ఊరట పడుతుంది.

అక్కలు ఇలాంటి పనికి పూనుకోవడం కొత్త కాదు. నైజీరియాలో డోరా అకున్యిలి అనే ఫార్మసీ ప్రొఫెసర్ ఉండేవారు. షుగర్ ఉన్న ఆవిడ చెల్లెలు 1988లో నకిలీ ఇన్సులిన్ వల్ల చనిపోయింది. 2001లో ఆవిడ ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకి అధిపతి అయ్యారు. దాడులు చేయించారు, పట్టుకున్న సరుకును జనం చూస్తుండగా తగలబెట్టించారు. వాటికంటే నాకు ఎక్కువ గొప్పగా అనిపించేది ఇంకొకటి. ఏది అసలు, ఏది నకిలీ, రెండిటికీ తేడా ఎక్కడుంది అన్న జాబితాలు పేపర్లలో వేయించారు. బళ్లల్లో పిల్లలతో క్లబ్బులు పెట్టించారు. 2003 డిసెంబరులో ఆవిడ కారు మీద కాల్పులు జరిగితే తూటా తలగుడ్డను చీల్చుకుని నెత్తిని రాసుకుంటూ పోయింది. ఆవిడ ఆగలేదు. మీకు అంత ప్రమాదం ఉందని కాదు నేననేది. పిల్లలతో మొదలుపెట్టండి అంటున్నాను. మీరు టీచర్ కదా, మీ చేతిలో ల్యాబ్ ఉంది, తూనిక ఉంది. ఒక పీరియడ్‌లో పిల్లలు నేర్చుకున్నది సాయంత్రానికి ఇళ్లన్నీ చేరుతుంది. పెద్దవాళ్లు మన మాట వినకపోయినా, "నాన్నా, దీని బరువు చూశావా?" అంటే వింటారు.

పారిస్‌లో నకిలీల కోసమే ఒక మ్యూజియం ఉంది. బ్యాంకాక్‌లో ఒక న్యాయవాద సంస్థ 1989 నుంచి ఇంకొకటి నడుపుతోంది. అసలును, నకిలీని పక్కపక్కన పెట్టి చూపిస్తారు. మీరు చేయాల్సిందీ అదే, ఒక బల్ల మీద. స్లయిడ్లు వద్దు. పావుగంట చాలు. చేతి సంచులు, బూట్లు, వాచీలు అసలు ఎత్తకండి. అవి కూడా నేరమే, కాదనను, కానీ వాటి జోలికి వెళ్తే పెద్దాయన మళ్లీ అదే ప్రశ్న వేస్తారు, ఈసారి అది న్యాయంగానే ఉంటుంది. ఒంట్లోకి పోయేవి, ఒంటికి రాసుకునేవి, కరెంటుకు తగిలించేవి, వేగంగా పోయేటప్పుడు మనల్ని పట్టి ఉంచేవి. ఈ నాలుగింటి దగ్గరే ఆగండి.

మందుల గురించి మాత్రం నిదానంగా, జాగ్రత్తగా మాట్లాడండి. పేద, మధ్య ఆదాయ దేశాల్లో పదింటిలో ఒకటి నాసిరకమో మోసపుదో అయి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. ఈ మాట చెప్పిన మరుక్షణమే తర్వాతి మాట కూడా చెప్పాలి: అనుమానం వస్తే మందు మీ అంతట మీరు మానేయకండి, మందుల షాపుకో డాక్టరు దగ్గరికో తీసుకెళ్లి చూపించండి. ఏం చూసుకోవాలంటే, అట్టపెట్టె మీద, లోపలి స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఒకటేనా కాదా. మాత్ర ఎప్పటికంటే వేరే రంగులో ఉందా, చేతిలోనే పొడి అవుతోందా. సీల్ మీద మళ్లీ అంటించిన జాడలున్నాయా. ఎప్పుడూ పనిచేసే మందు ఈసారి పనిచేయలేదా, కొత్తగా ఏదైనా బాధ మొదలైందా. చాలా దేశాల్లో ఇప్పుడు డబ్బా మీద గీకి కోడ్ పంపే పద్ధతో, స్కాన్ చేసే గుర్తో ఉంది. ఐరోపా యూనియన్‌లోని చాలా దేశాల్లో 2019 ఫిబ్రవరి 9 నుంచి డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులకు దాదాపు అన్నిటికీ డబ్బాకో ప్రత్యేక కోడ్, విప్పితే తెలిసిపోయే సీల్ తప్పనిసరి. ఉన్నచోట వాడుకోమనండి. అన్నీ సరిగ్గా ఉన్నా నకిలీ అవ్వచ్చని కూడా దాచకుండా చెప్పండి. అందుకే బిల్లు తీసుకోవడం, లైసెన్సు ఉన్న షాపులోనే కొనడం. కంటితో చూసే పరీక్షల కంటే ఈ రెండే ఎక్కువ కాపాడతాయి.

ఇంకొక పని ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. ఖాళీ డబ్బాలు. సెంటు సీసా, క్రీమ్ డబ్బా, ఇంజిన్ ఆయిల్ డబ్బా, మద్యం సీసా, మందు సీసా. ఇవి చెత్తలోంచి శుభ్రంగా బయటికొస్తే మళ్లీ నింపేవాళ్లున్నారు. అప్పుడు డబ్బా అసలుదే, లోపలిదే నకిలీ. దాన్ని ఎంత చదువుకున్నవాడూ పట్టుకోలేడు. పారేసే ముందు లేబుల్ చింపేయడం, మూత విరగ్గొట్టడం, అట్టపెట్టెను అడ్డంగా చించడం. దీనికి ఖర్చు లేదు, అసలువి కొనే స్తోమతా అక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో చెత్త వేసే చోట ఒక పాత కత్తెర కట్టి వేలాడదీయండి. మీ 40 నిమిషాల కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది (కోపం తెచ్చుకోకండి).

రెండు విషయాల్లో జాగ్రత్త. ఫలానా షాపువాడు నకిలీ అమ్ముతున్నాడని సభలో పేరు పెట్టి చెప్పకండి. ఆ షాపువాణ్ణి కూడా సరఫరాదారు మోసం చేసి ఉండొచ్చు, మీ మీద పరువునష్టం కేసూ పడొచ్చు. డబ్బా, బిల్లు, కంపెనీ ఇచ్చిన జవాబు కలిపి మందులు, సౌందర్య సాధనాలు చూసే ప్రభుత్వ నియంత్రణ సంస్థకు, మీరు కొన్న సైటుకు ఫిర్యాదు పంపండి. ఇది ఇప్పటికే చేసి ఉండకపోతే రేపే చేయండి, మీటింగ్ తర్వాతైనా పెట్టుకోవచ్చు. ఇంకొకటి, మీ చెల్లెలి ఫొటోలు చూపించేముందు తనని అడగండి. "మా ఇంట్లో ఒకరికి జరిగింది" అన్నా సరిపోతుంది.

మీ మరిదిని మార్చాలని కంకణం కట్టుకోకండి. తన దగ్గరున్న ఛార్జర్లలో బాగా పాతది ఒకటి అడిగి తీసుకోండి. ముందురోజే ప్లగ్‌లోంచి తీసి పక్కన పెట్టండి, లోపల కరెంటు కాసేపు నిలిచే భాగాలుంటాయి. పక్కన పెట్టడానికి పాడైపోయిన అసలుది ఒకటి సంపాదించండి. మీటింగ్ రోజున ఆ పెద్దాయన్ని ముందు వరసలోకి పిలిచి, మొదట రెండూ ఆయన రెండు చేతుల్లో పెట్టండి. ఏది బరువుందో ఆయన్నే చెప్పనివ్వండి. తర్వాత స్క్రూడ్రైవర్ కూడా ఆయనకే ఇవ్వండి. నకిలీది చాలాసార్లు గోరుతో నొక్కితేనే ఊడొస్తుంది, అప్పుడు స్క్రూడ్రైవర్ మీ మరిదికి ఇచ్చేయండి, అసలుది విప్పడానికి.